"ఆస్కార్ బరిలో" అంటే ఏ మెట్టు మీద?

ఏటా జనవరి వచ్చేసరికి "ఆస్కార్ బరిలో మన సినిమా" అనే వార్త మొదలవుతుంది. 2023 జనవరిలోనూ అంతే. 'ఆర్ఆర్ఆర్', 'కాంతార', 'గంగూబాయి కాఠియావాడి', 'విక్రాంత్ రోణ' అన్నీ ఒకే వాక్యంలో, ఒకే వరసలో కనిపించాయి. నిజానికి ఆ వారం ఆస్కార్లు ఇచ్చే అకాడమీ బయటపెట్టింది రిమైండర్ లిస్ట్. అందులో 301 సినిమాలున్నాయి. "ఈ ఏడాది మీరు ఓటు వేయదగ్గ సినిమాలు ఇవి" అని సభ్యులకు గుర్తుచేసే జాబితా అది. అందులో పేరుండటానికి ఎవరి ఓటూ అక్కర్లేదు. థియేటర్ నిబంధన పూర్తిచేసి, కాగితాలు గడువులోగా పంపితే పేరు ఎక్కుతుంది.

ఈ తికమకకు మూలం మన వాడుకలోనే ఉందని నాకనిపిస్తుంది. మన ఎన్నికల్లో నామినేషన్ అంటే అభ్యర్థి తానే వెళ్లి వేసే పత్రం. ర్యాలీగా వెళ్లి రిటర్నింగ్ ఆఫీసర్ చేతిలో పెడితే నామినేషన్ పడినట్టే. ఆస్కార్ నామినేషన్ అలాంటిది కాదు. దాన్ని తోటి కళాకారులు ఓట్లేసి ఇవ్వాలి. మన లెక్కలో 'నామినేషన్ వేయడం' అక్కడ ఎంట్రీ పంపడం అవుతుంది. ఎంట్రీ తరువాత అర్హత జాబితా, ఆ తరువాత కొన్ని విభాగాల్లో షార్ట్‌లిస్ట్, దాని మీద నామినేషన్, చివర అవార్డు. ఒక్కో మెట్టు మీద ఓటేసేవాళ్లు వేరు, లెక్కపెట్టే పద్ధతి వేరు. తెలుగువాళ్లందరికీ తెలిసిన పాట 'నాటు నాటు' ఈ మెట్లన్నీ ఎక్కింది కాబట్టి, దాన్నే వెంటపెట్టుకుని వెళితే సులువు.

ముందు ఏడాది లెక్క. 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్‌లో జరిగింది 95వ వేడుక. అది 2022 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా విడుదలైన సినిమాలకు. అందుకే ఒకరు 2022 ఆస్కార్ అంటారు, ఇంకొకరు 2023 ఆస్కార్ అంటారు. వేడుక సంఖ్య చెబితే గొడవే ఉండదు.

జనరల్ విభాగాల్లో, అంటే ఉత్తమ చిత్రం, దర్శకత్వం, నటన, సంగీతం, పాట లాంటి వాటిలో పోటీ పడాలంటే సినిమా నిడివి 40 నిమిషాలు దాటాలి. అమెరికాలో అకాడమీ చెప్పిన ఆరు నగర ప్రాంతాల్లో ఒకదానిలో, టికెట్ కొనుక్కునే థియేటర్‌లో వరుసగా 7 రోజులు ఆడాలి. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, షికాగో, అట్లాంటా లాంటివి ఆ జాబితాలో ఉంటాయి. రోజుకు కనీసం 3 ఆటలు వేయాలి, అందులో ఒకటి సాయంత్రం 6 నుంచి రాత్రి 10 మధ్య మొదలవ్వాలి. థియేటర్ కన్నా ముందే ఓటీటీలోనో టీవీలోనో వేసేస్తే అర్హత పోతుంది. చిన్న నిర్మాతలు దెబ్బతినేది సాధారణంగా ఇక్కడే: మధ్యలో ఒక రోజు ఆట పడకపోయినా 'వరుసగా' అనే మాట చెల్లదు, పగటి ఆటలు మాత్రమే దొరికినా చెల్లదు. మన పెద్ద సినిమాలకు ఇది అసలు సమస్యే కాదు. అమెరికాలో తెలుగు సినిమా విడుదలంటే మొదటి వారంలోనే ఈ నిబంధన దానంతటదే తీరిపోతుంది. 2022 మార్చి 25న విడుదలైన 'ఆర్ఆర్ఆర్'కూ అంతే.

అంతర్జాతీయ చిత్రం విభాగం దారి వేరు. అక్కడ దేశానికి ఒక్క సినిమా. సగానికి పైగా సంభాషణలు ఇంగ్లీషు కాని భాషలో ఉండాలి. ఏ సినిమా పంపాలో ఆ దేశంలోని కమిటీ తేలుస్తుంది. మన దగ్గర ఆ పని ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాది. 2022 సెప్టెంబర్‌లో గుజరాతీ సినిమా 'ఛెల్లో షో' పేరు ప్రకటించినప్పుడు తెలుగునాట చాలామంది "ఇక ఆర్ఆర్ఆర్ కథ ముగిసింది" అనుకున్నారు. ముగిసింది ఒక్క విభాగంలోనే. మిగతా తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో మరుసటి ఏడాదే ఇలాంటిది జరిగింది. ఫ్రెంచ్ కమిటీ 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్'ను పక్కన పెట్టి వేరే సినిమా పంపింది. పక్కన పెట్టిన సినిమాకు జనరల్ విభాగాల్లో 5 నామినేషన్లు వచ్చాయి, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే అవార్డు కూడా వచ్చింది. పంపిన సినిమాకు నామినేషన్ రాలేదు. 'ఛెల్లో షో' మాత్రం 92 దేశాల ఎంట్రీల్లోంచి 15 సినిమాల షార్ట్‌లిస్ట్ దాకా వెళ్లింది. అది చిన్న విషయం కాదు, నామినేషన్ రాలేదన్న బాధలో ఆ మాట ఎవరూ చెప్పుకోలేదు. ఈ విభాగానికి మన దేశం తరఫున వెళ్లిన తెలుగు సినిమా 'స్వాతిముత్యం', 1986లో.

ఇక పాట. ఒరిజినల్ సాంగ్ నిబంధన చదవడానికి చిన్నదే, ప్రతి మాటా బరువైనది. సాహిత్యమూ సంగీతమూ రెండూ కొత్తవై ఉండాలి. ఆ సినిమా కోసమే రాసినవై ఉండాలి. సినిమాలో పాట స్పష్టంగా వినపడాలి, మాటలు తెలియాలి, ఏదో రెండు సెకన్లు వచ్చి పోకూడదు. కథ నడుస్తున్నప్పుడు రావాలి, లేదంటే చివరి టైటిల్స్ మొదలవగానే వచ్చే మొదటి పాట అయ్యుండాలి. టైటిల్స్‌లో రెండో పాటగా పడితే ఎంత గొప్ప పాటైనా పక్కకే. 'సినిమా కోసమే' అన్న మాట దగ్గర పోయిన పాట 'కమ్ వాట్ మే'. 'మూలాన్ రూజ్'లో అందరికీ గుర్తుండిపోయిన పాట అది. దాన్ని మొదట అదే దర్శకుడి 'రోమియో ప్లస్ జూలియట్' కోసం రాశారు, అందులో వాడలేదు. వాడకపోయినా సరే, రాసింది వేరే సినిమా కోసం కాబట్టి అనర్హమే. మన సంగీత దర్శకులు పాత బ్యాంకులోంచి ట్యూన్ తీసి కొత్త సినిమాకు ఇవ్వడం మామూలే. ఆస్కార్‌కు పంపాలనుకుంటే ఇదొక్కటి ముందే చూసుకోవాలి.

ఒక సినిమా నుంచి మూడు పాటలకు మించి పంపకూడదు. నామినేషన్ దాకా రెండుకు మించి రాకూడదు. ఈ రెండో నిబంధన ఊరికే పుట్టలేదు. 'డ్రీమ్‌గర్ల్స్' నుంచి ఒక ఏడాది మూడు పాటలు, 'ఎన్‌చాంటెడ్' నుంచి మరుసటి ఏడాది మూడు పాటలు ఐదింటిలోకి వచ్చి కూర్చున్నాయి. రెండుసార్లూ గెలిచింది వేరే సినిమా పాటే. ఆరేడు పాటలుండే మన సినిమాకు ఇందులో పాఠం ఉంది. అన్నీ మంచివే అని మూడూ పంపితే మన ఓటు మనమే చీల్చుకుంటాం.

95వ వేడుకకు 81 పాటలు అర్హత పొందాయి. అంటే అర్హత జాబితాలో 'నాటు నాటు' 81లో ఒకటి. 2022 డిసెంబర్ 12 నుంచి 15 దాకా మ్యూజిక్ బ్రాంచ్ సభ్యులు మాత్రమే ఓటేశారు. వాళ్లంతా స్వరకర్తలు, గీత రచయితలు, సంగీతం పనివాళ్లు. డిసెంబర్ 21న 15 పాటల షార్ట్‌లిస్ట్ వచ్చింది. 'నాటు నాటు' షార్ట్‌లిస్ట్ మెట్టు ఎక్కింది అప్పుడు. ఆ పదిహేనులో టేలర్ స్విఫ్ట్ రాసిన 'కరోలినా' ఉంది, 'అవతార్' రెండో భాగం కోసం వీకెండ్ పాడిన పాట ఉంది. రెండూ ఆ మెట్టు మీదే ఆగిపోయాయి. ఆ పేర్లు చూశాక, తరువాత జరిగింది ఎంత పెద్దదో తెలుస్తుంది.

షార్ట్‌లిస్ట్ అన్ని విభాగాలకూ ఉండదని గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది 10 విభాగాలకే ఉంది. నటన, దర్శకత్వం, ఉత్తమ చిత్రం విభాగాల్లో షార్ట్‌లిస్ట్ అనేదే లేదు. కాబట్టి "ఉత్తమ నటుడి షార్ట్‌లిస్ట్‌లో మన హీరో" అని ఎక్కడ చదివినా అది ఏదో పత్రిక రాసుకున్న జోస్యం. విజువల్ ఎఫెక్ట్స్‌కు 10 సినిమాల షార్ట్‌లిస్ట్ ఉంటుంది, అందులో 'ఆర్ఆర్ఆర్' లేదు. అక్కడితో ఆ విభాగంలో దారి మూసుకుపోయింది.

ఇప్పుడు అసలు లెక్క. పదిహేను పాటలు ఐదు ఎలా అవుతాయి?

మ్యూజిక్ బ్రాంచ్ సభ్యులు తమకు నచ్చిన పాటలను 1, 2, 3, 4, 5 అని వరసగా రాస్తారు. ఓట్లు లెక్కపెట్టే అకౌంటెంట్లు ముందు ఒక సంఖ్య కడతారు. వాళ్ల వాడుకలో దాని పేరు మ్యాజిక్ నంబర్. చెల్లిన బ్యాలెట్లను, నామినేషన్ల సంఖ్యకు ఒకటి కలిపి వచ్చినదానితో భాగించి, దానికి 1 కలుపుతారు. రాజ్యసభ ఎన్నికలప్పుడు పేపర్లలో వచ్చే లెక్క ఇదే. తెలంగాణ అసెంబ్లీలో 119 మంది ఉన్నారు, 3 రాజ్యసభ స్థానాలు ఖాళీ అయ్యాయి. 119ని 4తో భాగిస్తే 29 పైచిలుకు, ఒకటి కలిపితే 30. ముప్పై మంది మొదటి ప్రాధాన్యం ఇస్తే సీటు ఖాయం. ఆస్కార్ నామినేషన్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది.

ఉదాహరణకు 300 బ్యాలెట్లు వచ్చాయనుకుందాం. ఐదు నామినేషన్లు కాబట్టి 300ని 6తో భాగిస్తే 50, ఒకటి కలిపితే 51. ముందు మొదటి ప్రాధాన్యాలను బట్టి కట్టలు కడతారు. ఒక పాటకు 72 మొదటి ప్రాధాన్యాలు వచ్చాయి. అది అప్పుడే నామినేట్ అయినట్టు. దానికి కావలసింది 51 మాత్రమే, 21 ఎక్కువ. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ మిగులు పాడు కాకుండా, ఆ 72 బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యంగా రాసిన పాటలకు ఒక్కో బ్యాలెట్ 0.29 ఓటు విలువతో వెళుతుంది. 21ని 72తో భాగిస్తే వచ్చేది అదే. తరువాత అందరికన్నా తక్కువ వచ్చిన పాటను తీసేస్తారు. దానికి 3 బ్యాలెట్లే వచ్చాయనుకుంటే, ఆ మూడూ వాటిలో రాసిన తరువాతి పాటకు పూర్తి విలువతో చేరతాయి. మళ్లీ లెక్క. ఎవరైనా 51 దాటారా? లేదంటే అడుగున ఉన్న ఇంకో పాట బయటికి. ఐదు పాటలు తేలేదాకా ఇదే పని.

ఇందులో రెండు సంగతులు బాగా అర్థం చేసుకోవాలి. ఒకటి: ఒక్క పాట పేరే రాసి మిగతా నాలుగు గళ్లూ ఖాళీగా వదిలేసిన సభ్యుడి బ్యాలెట్, ఆ పాట ఎలిమినేట్ అయిన క్షణం చచ్చిపోతుంది. దాన్ని తీసుకెళ్లి వేయడానికి ఇంకో కట్ట ఉండదు. రెండోది ఇంకా ముఖ్యం: అందరికీ ఫరవాలేదనిపించి, అందరూ మూడో స్థానంలో రాసే పాట ఈ పద్ధతిలో బతకదు. మొదటి ప్రాధాన్యాలు లేక అడుగున పడి, తన మూడో ప్రాధాన్యాలు విప్పే లోపలే బయటికి పోతుంది. నామినేషన్ దశలో కావలసింది కొద్దిమంది గుండె నిండా ప్రేమించడం. ఆరుగురిలో ఒకరు "నా మొదటి ఓటు దీనికే" అంటే చాలు. నాలుగు నిమిషాల పాటు ఊపిరాడనివ్వకుండా ఆడించే పాట తెరమీద చూసినవాడు దాన్ని మూడో స్థానంలో రాయడు. ఒకటో స్థానంలో అయినా రాస్తాడు, అసలు రాయకుండానైనా ఉంటాడు. 'నాటు నాటు' స్వభావానికీ ఈ లెక్కకూ చక్కగా కుదిరిందని నా నమ్మకం.

ఈ విభాగంలో లెక్క ఎప్పుడూ ఇలాగే లేదు. కొన్నేళ్లు సభ్యులు పాట వచ్చే దృశ్యాలు చూసి 6 నుంచి 10 దాకా మార్కులేసేవాళ్లు. సగటు 8.25 రాకపోతే నామినేషన్ లేదు. దాని ఫలితంగా 2012లో జరిగిన 84వ వేడుకలో రెండంటే రెండు పాటలే నామినేట్ అయ్యాయి. అందరూ జాగ్రత్తగా ఏడూ ఎనిమిదీ వేస్తే జరిగేది అదే. మరుసటి ఏడాదికే ఆ పద్ధతి ఎత్తేశారు.

నామినేషన్ వచ్చాక పోయిన సందర్భం కూడా పాటల విభాగంలోనే ఉంది. 2014లో 'అలోన్ యెట్ నాట్ అలోన్' అనే పాటకు నామినేషన్ వచ్చింది. దాని స్వరకర్త అంతకుముందు అకాడమీ గవర్నర్‌గా, అంటే దాని పాలకమండలి సభ్యుడిగా చేసి, మ్యూజిక్ బ్రాంచ్ కార్యవర్గంలో ఉన్న మనిషి. ఓటింగ్ జరుగుతుండగా బ్రాంచ్ సభ్యులకు తన పాట గురించి ఈమెయిళ్లు పంపినట్టు తేలింది. అకాడమీ నామినేషన్ రద్దు చేసింది. ఆరో స్థానంలో ఉన్న పాటను పైకి తేలేదు. ఆ ఏడాది నాలుగు పాటలతోనే ఓటింగ్ నడిచింది. ప్రచారం చేసుకోవడం తప్పు కాదు, స్క్రీనింగులు పెట్టవచ్చు, ప్రకటనలు ఇవ్వవచ్చు. పదవిని అడ్డుపెట్టుకుని ఓటరును నేరుగా అడగడం దగ్గర గీత గీశారు.

'ఆర్ఆర్ఆర్' ప్రచారం ఆ గీతకు ఇవతలే, చాలా ముందు నుంచే మొదలైంది. 2022 జూన్ 1న వేరియన్స్ ఫిల్మ్స్ అనే పంపిణీ సంస్థ అమెరికాలో ఒక్క రాత్రి కోసం సినిమాను మళ్లీ థియేటర్లకు తెచ్చింది. తెలుగు రాని ప్రేక్షకులు హాల్లో లేచి ఆడిన వీడియోలు అప్పటి నుంచే తిరగడం మొదలుపెట్టాయి. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది: అప్పటికే నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నది హిందీ డబ్బింగ్, అందులో వినపడేది 'నాచో నాచో'. నామినేట్ అయింది చంద్రబోస్ రాసిన తెలుగు పాట. డిసెంబర్‌లో న్యూయార్క్ క్రిటిక్స్ సర్కిల్ రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎంచుకుంది, లాస్ ఏంజెలెస్ విమర్శకులు సంగీతానికి కీరవాణిని ఎంచుకున్నారు. జనవరి 10న 'నాటు నాటు'కు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. జనవరి 12న ఆస్కార్ నామినేషన్ ఓటింగ్ తెరుచుకుంది, 17న మూసుకుంది. గ్లోబ్ వచ్చిన రెండు రోజులకే ఓటింగ్ మొదలవడం, ఇంకా బ్యాలెట్ నింపని సభ్యుడికి ఆ పేరు చెవిలో మోగుతూ ఉండటం, ఇవి చిన్న విషయాలు కావు.

జనవరి 24న నామినేషన్లు. 'నాటు నాటు'తో పాటు లేడీ గాగా 'హోల్డ్ మై హ్యాండ్', రిహానా 'లిఫ్ట్ మీ అప్', 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్'లోని 'దిస్ ఈజ్ ఎ లైఫ్', డయాన్ వారెన్ రాసిన 'అప్లాజ్'. డయాన్ వారెన్‌కు అది 14వ నామినేషన్, అప్పటికి పోటీలో ఒక్క గెలుపూ లేదు.

ఇక్కడి నుంచి ఓటరు మారిపోతాడు. నామినేషన్ ఇచ్చింది మ్యూజిక్ బ్రాంచ్. చివరి ఓటు అకాడమీ సభ్యులందరిదీ. ఆ ఏడాది ఓటు హక్కున్నవాళ్లు 9,500 పైచిలుకు. కెమెరామన్, మేకప్‌మన్, నటుడు, ఎడిటర్ అందరూ పాటకు ఓటేస్తారు. లెక్కపెట్టే పద్ధతి కూడా మారుతుంది. ఉత్తమ చిత్రం తప్ప మిగతా అన్ని విభాగాల్లోనూ ఒకరికి ఒకే ఓటు, ఎక్కువ వచ్చినవాడిదే గెలుపు, మన అసెంబ్లీ ఎన్నికల్లాగే. ఐదుగురు పోటీలో ఉంటే, ఓట్లు సమానంగా చీలిన చోట ఇరవై శాతం కన్నా కాస్త ఎక్కువ వచ్చినా చాలు. 9,500 మందీ ఓటేసినా 1,901 ఓట్లతో గెలిచే వీలుంది. ఎవరికి ఎన్ని వచ్చాయో మాత్రం అకాడమీ ఎప్పుడూ చెప్పదు. "రెండు ఓట్ల తేడాతో పోయింది" లాంటి కథలు విన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఉత్తమ చిత్రం ఒక్కటీ వేరు. అక్కడ నామినేషన్ దశలో కూడా అన్ని బ్రాంచీలవాళ్లూ ఓటేస్తారు, 10 సినిమాలు ఎంపికవుతాయి. చివరి ఓటులో మళ్లీ ప్రాధాన్య క్రమమే, ఒక్కరే గెలవాలి కాబట్టి సగం దాటాలి. మనకిది పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. మన గడియారంలో ఆ వేడుక జరిగిన మార్చి 13 సోమవారమే ఆంధ్రప్రదేశ్‌లో మూడు పట్టభద్రుల స్థానాలకు పోలింగ్ జరిగింది. జనం క్యూల్లో నిలబడి పేర్ల ఎదురుగా 1, 2, 3 రాశారు. పశ్చిమ రాయలసీమ ఫలితం మొదటి ప్రాధాన్యంతో తేలక రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లింది. ఉత్తమ చిత్రం లెక్క అచ్చం అలాగే సాగుతుంది. 9,000 బ్యాలెట్లు అనుకుందాం, 4,501 రావాలి. ఏడు సినిమాలు వరసగా ఎలిమినేట్ అయ్యాక మూడు మిగిలాయి: ఒకదానికి 3,600, రెండోదానికి 3,100, మూడోదానికి 2,300. మూడోది పోయింది. దాని బ్యాలెట్లలో 1,500 రెండో సినిమాకు, 800 మొదటి సినిమాకు చేరాయి. ఇప్పుడు 4,400, 4,600. మొదటి నుంచీ ముందున్న సినిమా ఓడిపోయింది. కొందరు విపరీతంగా మెచ్చి, ఇంకొందరు పదో స్థానంలో రాసే సినిమాకు ఇది గండం. పాట నామినేషన్‌లో పనికొచ్చిన మొండి ప్రేమ ఇక్కడ సరిపోదు.

మార్చి 2న మొదలైన చివరి ఓటింగ్ 7న ముగిసింది. 12న ఫలితాలు. ఒరిజినల్ సాంగ్ అవార్డు 'నాటు నాటు'దే. 11 నామినేషన్లతో వచ్చిన 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్' 7 గెలిచింది: చిత్రం, దర్శకత్వం, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, మిషెల్ యోకు ఉత్తమ నటి, ఇద్దరు సహాయ నటులకూ అవార్డులు. జర్మన్ సినిమా 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అంతర్జాతీయ చిత్రంతో పాటు ఛాయాగ్రహణం, ప్రొడక్షన్ డిజైన్, నేపథ్య సంగీతం కలిపి 4 తీసుకుంది. 'ది వేల్'కు ఉత్తమ నటుడు బ్రెండన్ ఫ్రేజర్, మేకప్. 'బాన్‌షీస్ ఆఫ్ ఇనిషెరిన్'కు 9 నామినేషన్లు, 'ఎల్విస్'కు 8, 'ది ఫేబుల్‌మన్స్'కు 7. మూడింటికీ ఒక్క అవార్డు కూడా రాలేదు. చివరి ఓటు పద్ధతి వల్ల ఇలా జరుగుతుంది. ప్రతి విభాగంలోనూ రెండో స్థానంలో నిలిచినా చేతికి వచ్చేది సున్నా.

మన దేశం నుంచి మరో గెలుపు 'ది ఎలిఫెంట్ విస్పరర్స్', డాక్యుమెంటరీ షార్ట్ విభాగంలో. తమిళనాడు ముదుమలై అడవిలో ఏనుగు పిల్లల్ని సాకిన దంపతుల కథ. వేదిక మీద మాట్లాడటానికి ఇచ్చే సమయం 45 సెకన్లు. దర్శకురాలు కార్తికి గొన్సాల్వెస్ మాట్లాడేసరికి అది అయిపోయింది, నిర్మాత గునీత్ మోంగా వంతు వచ్చేసరికి సంగీతం మొదలైంది. ఇద్దరు ఎక్కే అవార్డులో ఇది తరచూ జరిగే ఇబ్బంది. ముందే పంచుకోవాలి, లేదా ఒకరే చెప్పాలి. పాట అవార్డుకు కీరవాణి మాట్లాడి, కార్పెంటర్స్ బృందం పాట బాణీలో తన మాటలు పాడారు. చంద్రబోస్ మైకు దగ్గర 'నమస్తే' అన్నారు. సమయం సరిపోయింది.

విజేత పేరుండే కవర్ గురించి కూడా చెప్పాలి. ప్రతి విభాగానికి రెండు కవర్లు తయారవుతాయి, వేదికకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒక్కో వైపు ఒక అకౌంటెంట్ ఉంటారు. అవార్డు ప్రకటించే అతిథి ఎటు నుంచి వస్తే అటువైపు కవర్ ఇస్తారు; రెండోవైపు ఉన్న జంట కవర్‌ను వాడకుండా పక్కన పెట్టేయాలి. 2017లో 89వ వేడుకలో తప్పు జరిగింది ఆ పక్కన పెట్టే పనిలోనే. ఉత్తమ నటి అవార్డు ప్రకటన అయిపోయింది, రెండోవైపు ఉన్న అదే విభాగం కవర్ చేతిలో మిగిలిపోయి ఉత్తమ చిత్రం అతిథికి వెళ్లింది. ఎర్ర కవర్ మీద బంగారు అక్షరాలు, చీకట్లో చదవడానికి కష్టం. లోపలి కార్డులో విభాగం పేరు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది, పైన పెద్దగా ఉన్నది నటి పేరూ 'లా లా ల్యాండ్' పేరూ. దాంతో 'లా లా ల్యాండ్' అని ప్రకటించారు. ఆ బృందం వేదిక ఎక్కి కృతజ్ఞతలు చెబుతుండగా, గెలిచింది 'మూన్‌లైట్' అని తేలింది. తరువాతి ఏడాది నుంచి కవర్ మీద విభాగం పేరు పెద్దగా వేస్తున్నారు. కవర్ అందుకున్న అతిథీ, స్టేజ్ మేనేజరూ ఇద్దరూ సరిచూసుకోవాలి. కంట్రోల్ రూమ్‌లో మూడో అకౌంటెంట్ ఇంకో సెట్టుతో కూర్చుంటారు. వేదిక వెనక అకౌంటెంట్లు ఫోన్ వాడకూడదు. అక్షరాల పరిమాణం ఎంత పని చేస్తుందో పోస్టర్ డిజైన్ చేసేవాళ్లందరూ ఆ కార్డును చూసి నేర్చుకోవచ్చు.

ప్రతిమ ఎత్తు 13.5 అంగుళాలు, బరువు 8.5 పౌండ్లు, అంటే సుమారు 3.85 కిలోలు. కంచు విగ్రహం మీద 24 క్యారెట్ల బంగారు పూత. వేదిక మీద చేతికిచ్చేటప్పుడు దాని మీద పేరుండదు, ఉంటే ఎవరు గెలిచారో ముందే బయటపడుతుంది. వేడుక అయ్యాక జరిగే గవర్నర్స్ బాల్ విందులో పేరు పలకను బిగిస్తారు. అమ్ముకోవడానికి వీల్లేదు, అమ్మదలిస్తే ముందు అకాడమీకే 1 డాలర్‌కు ఇవ్వజూపాలి.

ఒరిజినల్ సాంగ్ ప్రతిమ ఎవరికిస్తారన్న దాని మీద మన దగ్గర చాలా అపార్థం ఉంది. అది స్వరకర్తకూ గీత రచయితకూ మాత్రమే. కాబట్టి కొవ్వూరులో పుట్టిన కీరవాణికి ఒకటి, చల్లగరిగె నుంచి వచ్చిన చంద్రబోస్‌కు ఒకటి. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు ఈ విభాగంలో చోటు లేదు, ఆ రాత్రి వేదిక మీద పాడింది వాళ్లే అయినా. నిర్మాతకూ దర్శకుడికీ కూడా లేదు. అవార్డుల సంస్థ పాట అన్నప్పుడు రాసిన మాటనూ కట్టిన బాణీనీ చూస్తుంది, మనం 'నాటు నాటు' అన్నప్పుడు కీవ్‌లోని మారీన్‌స్కీ ప్యాలెస్ ముందు ఇద్దరు హీరోల కాళ్లను చూస్తాం. ఆ కాళ్లను కదిలించిన ప్రేమ్ రక్షిత్‌కు పోటీ పడటానికి విభాగమే లేదు.

విభాగాలు కొత్తగా పుట్టవని కాదు. క్యాస్టింగ్‌కు 98వ వేడుకతో వచ్చింది. స్టంట్ డిజైన్‌కు 2027లో విడుదలయ్యే సినిమాలతో, 100వ వేడుకలో రాబోతోంది. ఆ ప్రకటనతో అకాడమీ వాడిన చిత్రాల్లో 'ఆర్ఆర్ఆర్' దృశ్యం కూడా ఉంది. ఏ విభాగంలోనైనా నామినేట్ అయిన సినిమాలన్నీ చూసినవాళ్లే ఆ విభాగంలో చివరి ఓటు వేయాలన్న నిబంధనా 98వ వేడుకతో మొదలైంది. పేరున్న సినిమాకే గుడ్డిగా ఓటు పడే అలవాటుకు అది కొంతైనా అడ్డుపడుతుంది. దూరం నుంచి వచ్చే మన సినిమాలకు దీనివల్ల మేలే. డ్యాన్స్ డైరెక్షన్ అనే విభాగం మాత్రం ఒకప్పుడు ఉండేది, 1935, 1936, 1937 సినిమాలకు మూడేళ్లు ఇచ్చి ఆపేశారు. మళ్లీ పెట్టలేదు.